ఒక్క మెట్టుకు నాలుగు రోజులు

పై స్వరం అందుకోబోయేసరికి మధుసూదన్ గొంతు మళ్లీ చీలిపోయింది.

సూర్యాపేటలో శనివారం భజన. కాలనీ వాళ్లు ముప్పై మంది దాకా కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదేమో.

హారతి అయ్యాక డోలక్ వాయించే భిక్షపతి మెల్లగా పక్కకు జరిగాడు.

"అన్నా, ఏమనుకోకు. వచ్చే వారం గూడ గిట్లనే అయితే, ఇగ మన కాలనీ పోరడు నవీన్‌తోని పాడిద్దామంటున్నరు."

"నేనేం చెయ్యాలె మరి?"

"నువ్వు ఉత్త హార్మోనియం పెట్టె వాయించు. పాణం సుఖం."

ప్రాణం సుఖమట! మధుసూదన్‌కు ఉన్న సుఖమల్లా ఆ శనివారం పాట ఒక్కటే. తక్కిన రోజులన్నీ మార్కెట్ యార్డులో గుమాస్తా పని, గ్యాస్ బండ, కరెంటు బిల్లు, ఊరికే మొరాయించే కూలర్. సాయంత్రం భార్య సుమిత్ర చూసే సీరియళ్లు అయ్యేదాకా హార్మోనియం ముట్టుకోవడానికి లేదు. అవి అయ్యేసరికి ఈయనకు నిద్ర ముంచుకొస్తుంది.

సంగీతం నేర్చుకున్నదీ అంతంత మాత్రమే. చిన్నప్పుడు ఒక పంతులు నల్లమెట్టు మీద వేలు పెట్టించి, పాట ఇక్కడ మొదలుపెట్టరా అన్నాడు. నలభై ఏళ్లుగా ఆ వేలు అక్కడే ఉంది.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఆ పెట్టెలో ఒక మెట్టు మూగబోయింది.

ఆదివారం పెట్టెను ఒళ్లో పెట్టుకుని కోదాడ బస్సెక్కాడు. బస్టాండు వెనక లింగన్న అనే ముసలాయన హార్మోనియంలు బాగుచేస్తాడని ఎవరో చెప్పారు.

లింగన్న మెట్టు నొక్కి చూశాడు.

"చిన్న పనే సార్. దుమ్ము పట్టింది. ఏదీ, ఒక పాట పాడండి, వింటాను."

"రిపేరు పెట్టెకా, నాకా?"

"పాడండి సార్."

విసుక్కుంటూనే పాడాడు. పై స్వరం దగ్గర గొంతు చీలింది. లింగన్న తల వంచుకుని చివరిదాకా విన్నాడు.

"రెండు మెట్లు కిందికి జరిగి పాడుకోరాదా సార్? గొంతుకు శ్రమ ఉండదు."

"జరిగితే నా వేళ్లు ఆడవయ్యా. నలభై ఏండ్ల అలవాటు. నువ్వు మెట్టు సంగతి సూడు."

లింగన్న రేపు రమ్మన్నాడు. మర్నాడు ఫోన్ చేస్తే ఎల్లుండి అన్నాడు. ఆ ఎల్లుండి కాస్తా గురువారం అయింది.

ఆ సాయంత్రాలన్నీ మధుసూదన్ టీవీ ముందే కూర్చున్నాడు. సీరియల్లో ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో తెలియలేదు. తనకే ఏడుపొచ్చేలా ఉంది.

"ఊకె కూసునే బదులు ఆ కూలరన్న సూడరాదు?" అంది సుమిత్ర.

గురువారం సెలవు పెట్టి మళ్లీ కోదాడ వెళ్లాడు. లింగన్న కళ్లు ఎర్రగా ఉన్నాయి. బల్ల మీద ఇత్తడి పొడి రాలి ఉంది.

"ఒక్క మెట్టుకు నాలుగు రోజులా? నాకేం పనిలేదనుకున్నవా?"

"తప్పే సార్. ముందు పాడి చూడండి, తర్వాత తిట్టండి."

"పాటలు వినుడే నీ పని లెక్కున్నది" అని పెట్టె లాక్కుని వచ్చేశాడు.

కోపం బస్సెక్కినా తగ్గలేదు. భజన వాట్సాప్ గ్రూపులో రాసి పెట్టాడు: కోదాడ లింగన్నకు ఎవరూ పెట్టెలు ఇవ్వొద్దు, ఒక్క మెట్టుకు నాలుగు రోజులు తిప్పించుకున్నాడు అని. ఆ మాట గ్రూపు నుంచి గ్రూపుకు పాకి మిర్యాలగూడ దాకా పోయింది.

శనివారం వచ్చింది. ఇదే ఆఖరు అనుకుంటూ మధుసూదన్ పాట ఎత్తుకున్నాడు. పై స్వరం దగ్గర భయంతో కళ్లు మూసుకున్నాడు.

గొంతు చీలలేదు. పోయి స్వరం మీద హాయిగా కూర్చుంది.

"ఏం మింగినవన్నా?" అన్నాడు భిక్షపతి.

"మిరియాల కషాయం. రోజు తాగుతున్న."

నవీన్ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మర్నాడు మధుసూదన్ కూనిరాగం తీస్తూ కూలర్ బాగుచేశాడు. సుమిత్ర టీవీ సౌండు తగ్గించి మరీ వింది. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి!

మూడు నెలల తర్వాత భిక్షపతి ఒక కబురు తెచ్చాడు.

"లింగన్న దుకాణం ఎత్తేసిండన్నా. పెట్టెలు వచ్చుడే బందయినయంట. ఎటు పోయిండో ఎవలకు ఎరుక లేదు."

"పని రానోనికి గట్లనే అయితది" అన్నాడు మధుసూదన్.

ఆ వారమే మిర్యాలగూడలో నాలుగు ఊళ్ల భజన. అక్కడి సంగీతం టీచర్ నాగరాణి, మధుసూదన్‌కు తోడుగా తన హార్మోనియం పట్టుకుని కూర్చుంది.

"ఏ మెట్టు నుంచి పాడుతరు సార్?"

"గీ నల్లమెట్టు."

ఆమె తన పెట్టె మీద అదే మెట్టు పట్టింది. శ్రుతి కలవక రెండు పెట్టెలూ ఎడమొహం పెడమొహం పెట్టాయి. నాగరాణి మళ్లీ మళ్లీ నొక్కి చూసి, ఆయన పెట్టె మూత తీసింది. లోపల వరసగా ఉన్న, స్వరాలు పలికించే ఇత్తడి రీడ్ల మీద ఒక్కొక్కటిగా వేలు రాసి చూసింది.

"ఇది ఎవరు చేసిండ్రు సార్?"

"ఒక్క మెట్టు పలకకుంటే కోదాడల ఒకాయనకు ఇచ్చిన. మొత్తం ఖరాబ్ చేసిండా ఏంది?"

"ఖరాబా! ఒక్క మెట్టు కాదు సార్, ఉన్న రీడ్లన్నిటిని ఒక్కొక్కటి గీకి, మీ వేళ్లను ఉన్నకాడనే ఉంచి, పెట్టెనంతా రెండు మెట్లు మీ గొంతు కాడికి దించిండు ఆయన."