గాజు చేపలు చూసిన వైపు

కుళాయి నీళ్ళను క్లోరిన్ పోయేలా ఒక రోజు నిలవ ఉంచాకే చేపల తొట్టెలో పోయాలని మరీ మరీ చెప్పి, కూతురు అమ్మమ్మ ఇంటికి వెళ్ళింది. తండ్రి బద్ధకించి నేరుగా పోసేశాడు. ఒంట్లో ముల్లు సైతం కనబడే గాజు చేపలన్నీ పాలలా తెల్లబడి తేలాయి. వాటిని వంటింటి సింకు కంతలోకి తోసేసి, అలాంటివే కొత్తవి తెచ్చి వదిలాడు.

పాప తిరిగొచ్చాక, "నీ చేపలే తల్లీ, కంటికి రెప్పలా చూసుకున్నా" అన్నాడు. పాప ముద్దు పెడితే చెంప చురుక్కుమంది.

ఆ రాత్రి దాహమై లేచాడు. గాజు చేపలు ఎప్పుడూ తొట్టెలోని ఫిల్టరు ధారకు ఎదురుగానే నిలబడతాయి. ఇప్పుడు దానికి తోకలు తిప్పి, అన్నీ వంటింటి వైపే చూస్తున్నాయి. సింకు గొట్టంలో ఏదో బుడబుడమంది. వంటింటి తలుపు మూయబోతుంటే, వెనకనుంచి చిన్న చెయ్యి అతని చొక్కా పట్టుకుంది.

"నాన్నా, నా చేపల్ని అందులో ఎందుకు వేశావు?"