తడి ఆరని పొయ్యి

భూదవ్వ పొయ్యిలోని బూడిద ఎత్తిపోసి, విరిగిన అంచులకు ఎర్రమన్ను మెత్తుతుండగా ఎస్సై బూట్లతోనే వంటింట్లోకి వచ్చాడు. కోడలు సుగుణ అత్త పక్కకు జరిగింది.

"మొన్ననే తన్ని పలగ్గొట్టిన గద! మళ్ల ఎవరికోసమే?"

"ఆకలైతుందని అడిగినోళ్లకు, సారూ."

"అంటే అడవిల ఉన్న అన్నలకేనా?"

"అత్తా, ఊకో," అని సుగుణ ఆమె కొంగు లాగింది. అన్నల మీది ప్రేమతో అత్త ఇంటిమీదికి ముప్పు తెస్తోందని ఆమె ఇన్నాళ్లూ లోలోపల తిట్టుకుంటోంది.

భూదవ్వ తలెత్తింది. "వానకాలం మీ జీపు బురదల దిగవడ్డనాడు మీరు తిన్నది గూడ గీ పొయ్యి మీది అన్నమే. గప్పుడు మీ పేరడిగిన్నా?"

సుగుణ చేతిలోని కొంగు జారిపోయింది.

ఎస్సై ముఖం మాడిపోయింది. పచ్చి పొయ్యిని మళ్లీ ఒక్క తన్ను తన్ని వెళ్లిపోయాడు.

భూదవ్వ చెదిరిన మన్నును రెండు చేతులతో దగ్గరికి లాగసాగింది. సుగుణ కుచ్చిళ్లు ఎగదోపి పక్కనే కూర్చుంది.

"భయమైతలేదా, పిల్లా?"

"అయితుంది. అయినా గీసారి పెద్దగ కడదాం అత్తా. అన్నం వండే గంజులు రెండు పట్టాలె."