ఏడో అడుగు

“ఏడో అడుగుకాడ మోకాలు ఎందుకు వంచలా?” మునస్వామి కర్రతో నేలమీద ఒక్క పోటు పొడిచాడు.

లోహిత ఆగిపోయింది. పది రోజులుగా ఆయన కళ్లుగప్పి మార్చుకున్న అడుగు అది. ఐరాల బడి మైదానంలో తనతోపాటు కర్రసాము నేర్చుకునే చిన్నపిల్లలకూ అలాగే చూపించింది. వాళ్లిప్పుడు బిక్కమొహాలు వేసుకుని చూస్తున్నారు.

“నేనే మార్చినాను మాస్టర్,” అంది తల వంచుకుని.

“మా నాయన శాంతయ్య నేర్పిన వరుస ఇది. మార్చేదానికి నువ్వెవరు?”

“ఎడం మోకాలు కుంగితే తలకాయ కిందికొస్తాది. ఎదుటోడు కొట్టకుండా పూలు సల్లతాడా? మిగతా అడుగులన్నీ తల కాసుకునేటివే. ఇదొక్కటే దేనికీ అతకదు మాస్టర్.”

“అతక్కపోతే పోనీ. మోకాలు వంచితేనే ఎల్లుండి చిత్తూరు పోటీకి నిన్ను దింపేది.”

మూడేళ్లుగా ఎదురుచూసిన పోటీ. లోహితకు ఉక్రోషం ముంచుకొచ్చింది. ఏడో అడుగు వేసి, ఆయన చెప్పినట్టే మోకాలు కుంగించి నిలబడింది.

“ఇప్పుడు కొట్టండి. కాసుకోగలిగితే మీ మాటే నా మాట.”

“వద్దు పాపా.”

“ఉత్తుత్తిగా కాదు, నిజంగానే కొట్టండి.”

మునస్వామి కర్ర ఎత్తాడు. కానీ కొట్టలేదు. మెల్లగా దించేశాడు.

“ఏం మాస్టర్, కొట్టేది మరిసిపోయినారా?”

పిల్లలు కిసుక్కుమన్నారు.

ఆ నవ్వు చెవిన పడగానే లోహితకు ప్రాణం చివుక్కుమంది. కర్ర పట్టడం నేర్పిన మనిషిని, అరవై దాటినవాణ్ణి, పసిపిల్లల ముందు ఎంత మాట అనేసింది! మునస్వామి ఉన్నచోటనే మట్టిలో చతికిలబడ్డాడు. ఆమె పరుగున పోయి ఆయన కాళ్లు పట్టుకుంది.

“తప్పయిపోయింది మాస్టర్. మోకాలు వంచతాను. మీరెట్ల చెప్తే అట్లే చేస్తాను.”

“వంచొద్దు పాపా. నువ్వన్నదే నిజం. అట్ల కుంగేది వరుసలో లేనే లేదు.”

“మరి పెద్దాయన అట్లనే కదా నేర్పింది?”

మునస్వామి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“నేను నీ వయసులో ఉన్నప్పుడు, ‘నిజంగా కొట్టరా, సూస్తాను’ అన్నాడు మా నాయన. కొట్టినాను. ఆ పొద్దు నుంచి, ఏడో అడుగు ఏసినప్పుడల్లా ఆయన ఎడం మోకాలు నిలబడలా.”