లోపలి గడియ

జీపు ఆగిన చప్పుడుకే ఓబమ్మ మజ్జిగ ఒలకబోసుకుంది.

సర్కారు బాలమందిరంలోని పిల్లలను ఇళ్లలో పెంపకానికి ఇచ్చే ఆఫీసర్ రత్న. పోయిన నెల వాళ్ల ఊరు తిరుమణికి వచ్చి, సోలారు కంపెనీకి కౌలుకిచ్చిన పొలం, ఓబమ్మ మొగుడు మల్లేశప్ప ఆరోగ్యం, ఇరుగుపొరుగు మాట, అన్నీ విచారించి వెళ్లింది. ఇక బిడ్డ రావడమే తరువాయి అని ఆలుమగలు ఎదురుచూస్తుంటే, మళ్లీ ఇంకో తనిఖీ.

"రూలు మారిండాదమ్మా," అంది రత్న వాకిట్లోనే ఆగి. "మేము ఒప్పుకుంటే చాలదు. మోనిక చూడాల. ఏం అడిగినా జవాబు చెప్పండి. నేను లోపలికి రాను."

మోనిక ఒక్కతే లోపలికి వచ్చింది.

ఏమడిగినా ఉండాదనే చెప్పు, లేదని మాత్రం అనొద్దని పక్కింటి దాసమ్మ పొద్దున్నే ఓబమ్మకు నూరిపోసింది. పొలం గురించి, రాబడి గురించి జవాబులన్నీ ఓబమ్మ కంఠతా పట్టింది. మోనిక అవేవీ ఎత్తలేదు.

"ఈ ఇంట్లో అరిచేవాళ్లు ఉండారా?"

"ఉండారు," అనేసి నాలుక కరుచుకుంది ఓబమ్మ. "అంటే, ఈయనకు ఒక చెవి వినపడదు. దానికని నేనే అరుస్తా."

మోనిక నవ్వలేదు. ఇంట్లో ముందు ఎవరు తింటారని, గిన్నె పగిలితే ఏం చేస్తారని అడిగింది. ఏ జవాబు మేలు చేస్తోందో, ఏది చెరుపుతోందో ఓబమ్మకు అంతుపట్టలేదు.

"రాత్రి పక్క తడిస్తే?"

"పొద్దున ఎండేస్తాం. ఈడ ఎండకేం కరువు?" అన్నాడు మల్లేశప్ప. "కంపెనీవాళ్లు వచ్చిందే దానికోసరం."

బిడ్డ కోసమని సున్నం కొట్టి, కొత్త మంచం వేసిన గదిని ఓబమ్మ గొప్పగా చూపించింది. మోనిక గడప దాటలేదు. తలుపునే చూస్తూ నిలబడింది.

"గడియ బయట ఉండాది. లోపల లేదు."

ఆలుమగలు ముఖాలు చూసుకున్నారు. మంద ఉన్నన్నాళ్లూ అది గొర్రెపిల్లల గది. మంద అమ్మేశాక గదిని మార్చారు గానీ తలుపు సంగతి ఇద్దరికీ తట్టలేదు.

"గొర్రెపిల్లలను మూసేదానికి పెట్టినామమ్మా," అన్నాడు మల్లేశప్ప.

"ఎంతసేపు మూస్తారు?"

"తల్లులు మేతకు పోయి వచ్చేదాకా."

"అవి అరవవా?"

ఓబమ్మ తల దించుకుంది.

"అరుస్తాయి," అంది.

అంతా చెడిందనిపించింది ఓబమ్మకు. మల్లేశప్ప మాత్రం స్క్రూడ్రైవరు వెతికి తెచ్చి, గడియ ఊడదీసి, లోపలివైపు మోనిక చెయ్యి పెట్టి చూపించిన చోట బిగించాడు. మోనిక గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. గడియ పడింది.

బయట ఇద్దరూ నిలబడిపోయారు. పిలవాలో, ఊరకుండాలో తెలియలేదు. తలుపు తట్టబోయిన మొగుడి చేతిని ఓబమ్మ పట్టుకుని ఆపింది.

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. మోనిక ఎవరి ముఖమూ చూడకుండా నేరుగా జీపు దగ్గరికి వెళ్లిపోయింది. రత్నతో ఏదో చెప్పింది. రత్న తల ఊపింది.

"సోమవారం మళ్లీ వస్తా," అని అక్కడినుంచే చెప్పి జీపెక్కింది రత్న.

కుదరదని చెప్పడానికే కాబోలు. ఓబమ్మ గడప మీద కూలబడి కొంగులో ముఖం దాచుకుంది. ఏ మాట దగ్గర తప్పిందో ఎంత వెతికినా దొరకలేదు. జీపు చప్పుడు దూరమైంది.

ఎనిమిదేళ్ల మోనిక జీపెక్కలేదు. వచ్చి ఆమె పక్కన కూర్చుంది.