గ్రైండర్ చదివిన ఫలితాలు

ఎన్నికల ఫలితాల కోసం ఇప్పుడెవరూ టీవీ ముందు కూర్చోవడం లేదు. అడిగితే ఫ్యాను చెబుతుంది, ఆటో చెబుతుంది. ఒంగోలులో ఇడ్లీ కొట్టు నడిపే మస్తానమ్మకు చూపు లేదు. ఆవిడకి పిండి రుబ్బే గ్రైండరే చదివి పెడుతుంది.

ఆ ఉదయం వీధిలోకి నీళ్ల ట్యాంకర్ రాలేదు. కొత్తగా గెలిచిన కార్పొరేటర్ చెంచురామయ్య మాత్రం కొట్టు దగ్గరికి వచ్చాడు.

"మీ వీధి పోలింగ్ బూత్‌లో నాకెన్ని పడ్డాయో చూశాలే అత్తా. ఓట్లు వాళ్లకేసి నీళ్లు నన్నడిగితే ఎట్టా?"

బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు తలలు దించుకున్నారు. ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో లెక్కలన్నీ జనం కోసమే బయటపెడుతున్నారంటే సంబరపడ్డారు గానీ, అవి ఇలా తమ మెడకే చుట్టుకుంటాయని ఎవరనుకున్నారు?

మస్తానమ్మకు ఒళ్లు మండింది. తడిచేతిని కొంగుకు తుడుచుకుని గ్రైండర్ నెత్తిన ఒక్కటి తట్టింది.

"వెయ్యలేదు అబ్బయ్యా. ఇట్టా బెదిరిస్తే ఇకముందూ వెయ్యం. చూసేవాడివి అన్నీ చూడాల్సింది. ఏమే, ఈ అబ్బయ్య కాపురముండే వీధి సంగతి చదువు!"

గ్రైండర్ రుబ్బడం ఆపి, వీధంతా వినపడేలా చదివింది. సొంత వీధి బూత్‌లో చెంచురామయ్యకు ఇక్కడికన్నా తక్కువ ఓట్లు పడ్డాయి.

దించుకున్న తలలన్నీ లేచాయి. చెంచురామయ్య మొహం కందగడ్డలా అయింది.

"ముందు మీ ఇంటికి ఆపు నీళ్లు," అంది మస్తానమ్మ. "మీ ఆవిడ ఊరుకుంటే, అప్పుడొచ్చి మావి ఆపుదువుగాని."