దారి తప్పిన తీగ

డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకు ఎత్తి పట్టింది. పేగుల మధ్య చిన్న తెల్లటి తీగ.

"కాపర్-టి ఇది. గర్భసంచిని చీల్చుకుని వెళ్ళి పేగుకు గుచ్చుకుంది. ఇవాళే తీసేయాలి, ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది. ఇన్నాళ్ళూ నొప్పి ఎలా ఓర్చుకున్నావమ్మా?"

పక్కనే ఉన్న ఆమె భర్త, కరెంటు లైన్‌మన్, మంచం కమ్మీ పట్టుకున్నాడు. భార్య కడుపునొప్పి అన్నప్పుడల్లా "గ్యాసేలే, సోడా తాగు" అని తేల్చేసింది అతనే.

అతని అక్క మాత్రం ఇంకో లెక్కలో పడింది. డాక్టరమ్మ గది దాటగానే తమ్ముడి చొక్కా పట్టుకుని వరండా చివరికి లాక్కెళ్ళింది.

"చిన్నది పుట్టాక ఇక పిల్లలొద్దని నువ్వు ఆపరేషన్ చేయించుకున్నావు కదరా! ఆ తర్వాత దీనికి కాపర్-టి ఏం పని? ఎవరి కోసం?"

అతనికి అప్పటి మూడు రోజులే కళ్ళ ముందు మెదిలాయి. భార్య అతన్ని మంచం దిగనివ్వలేదు. కట్టు తడుస్తుందని స్నానం వద్దంది. పచ్చి బాలింత, చంటిదాన్ని చంకనేసుకుని నీళ్ళ బకెట్లు తనే మోసింది. పక్క మీదికే కంచం తెచ్చిచ్చింది. అలాంటి మనిషిని అక్క అనరాని మాటలంటోంది. అతను తల దించుకున్నాడు.

"తప్పు చేసింది అదైతే నువ్వు తల దించుకుంటావేంట్రా, వెర్రివాడా?"

ఇంతలో స్ట్రెచర్ వచ్చింది. అక్క ఆగలేదు, ఎదురెళ్ళి అందరి ముందూ అడిగేసింది. "మా వాడికి ఆపరేషనయ్యాక నువ్వెందుకు పెట్టించుకున్నావే?"

నర్సు చూపు తిప్పుకుంది. భార్య మొగుడి కేసి చూసింది. ఒక్క మాట అనాలనుకున్నాడు. అక్కని చూసి వెనక్కి తగ్గాడు. సిగ్గుతో చచ్చిపోతే బాగుండనిపించింది.

"నాదే బుద్ధి తక్కువ వదినా" అంది ఆమె నీరసంగా.

అక్క విసవిసా వెళ్ళి బెంచీ మీద కూలబడింది.

ఆపరేషన్ గది తలుపు దగ్గర భార్య అతని చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. అతను వంగాడు. కన్నీళ్ళు ఆమె దుప్పటి మీద పడ్డాయి.

"ఊరుకోండి" అంది చెవిలో. "మీ ఆపరేషనైన రెండో రోజే, మీరు నిద్రలో ఉంటే మారుద్దామని కట్టు విప్పాను, కింద చిన్న గాటైనా లేదండీ."