గోడ మీద మూడో రొట్టె

మా ఊరు మర్గిలాన్‌లో దూరం పోయేవాళ్ళు రొట్టెను ఒక్క కొరుకు కొరికి పోతారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా దాన్ని గోడకు వేలాడదీస్తాం. మా మేనమామ రొట్టెను ఎలుక తింది, ఆయన మాత్రం క్షేమంగానే వచ్చాడు.

పొరుగింటి పాదిరి హల్వోర్‌నూ భార్యనూ సాయంత్రంలోగా దేశం విడవమన్నారు సర్కారువాళ్ళు. ఏడేళ్ళు బోధించినా అతణ్ణి ఒక్కడూ నమ్మలేదు. “చచ్చినవాళ్ళు లేస్తారా పాదిరీ? మా గాడిదకు చెప్పు, తలూపుతుంది” అనేవాణ్ణి నేను.

బయల్దేరేముందు ఇద్దరికీ చెరో రొట్టె ఇచ్చాను. అతను తనది కొరికాడు. ఆవిడ ముట్టలేదు.

“నా బిడ్డ లిన్నెను ఈ మట్టిలో వదిలేసి ఎలా పోను తాతా? దానికీ ఒకటి వేలాడదియ్యి.”

“చచ్చిపోయినవాళ్ళకు వేలాడదియ్యరు తల్లీ. తిరిగొచ్చేవాళ్ళకే.”

“అది లేస్తుంది!” అని ఏడుస్తూనే తన రొట్టె కొరికింది.

బండి మలుపు తిరిగాక ఇంకో రొట్టె తీశాను. నా నోట్లో మిగిలిన రెండు పళ్ళతో అంచున పసినోరంత కొరికి, ఆ రెంటి పక్కనే వేలాడదీశాను.